మూడో గోల్ నాడు మా ఆయన ఎక్కడున్నాడు?

మిల్‌షా,
మార్చి 2, 1998

శ్రీ డెంజిల్ ప్రయర్ గారికి,

మిల్‌షా నుంచి మ్యూరియల్ హెబ్డెన్ నమస్కారాలు. ఇక్కడ అందరం క్షేమం, నా మోకాళ్ళు తప్ప. నేనెవరో మీకు తెలియదు. మీరెవరో మాత్రం మా ఇంట్లో పిల్లికి కూడా తెలుసు. ఏళ్ళ తరబడి ప్రతి శనివారం మధ్యాహ్నం 'శనివారం మైదానం' అంటూ మా ముందు గదిలోకి వచ్చి కూర్చున్న మనిషి మీరు. మీరు టీవీలో "అందరికీ నమస్కారం" అనగానే మా అత్తగారు "రా నాయనా, కూర్చో" అనేది. మీరు వచ్చే వేళకి పళ్ళసెట్టు పెట్టుకుని, శాలువా సర్దుకుని సిద్ధంగా ఉండేది. బోసినోటితో మీకు కనిపించడం ఆవిడకి ఇష్టం లేదు.

మీరిప్పుడు వారపత్రికలో రాస్తున్న 'ఆనాటి శనివారాలు' ఒక్క వారం కూడా వదలను. చదివినప్పుడల్లా ఆ గదే కళ్ళ ముందుకొస్తుంది. మొదట గుర్రప్పందాలు. అప్పుడు నేను ఇస్త్రీ చేసుకునేదాన్ని. నాలుగింటికి కుస్తీ. కుస్తీ మొదలయ్యాక మా వీధిలో ఏ ఆడమనిషీ తలుపు తీసేది కాదు, వచ్చినవాడు మేయరైనా సరే. చివర్లో ఫుట్‌బాల్ ఫలితాలు. మీరు కళ్ళజోడు సర్దుకుని కాగితం అందుకోగానే మా అత్తగారు చెయ్యెత్తేది. ఆ చెయ్యి దిగేదాకా దగ్గొచ్చినా మింగాల్సిందే. మొదటి జట్టు పేరు మీరు పలికే తీరులోనే రెండో జట్టు గెలిచిందో ఓడిందో మాకు అర్థమైపోయేది. ఇప్పుడు చదివేవాళ్ళకి ఆ విద్య ఎవరు నేర్పుతారండీ? పచారీ సామాను చదివినట్టు చదువుతున్నారు.

ఇక అసలు సంగతి. మే రెండున, సరిగ్గా శనివారం, మా ఆయన హొరేస్‌కి డెబ్బై నిండుతాయి. బస్సు డిపోలో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. మంచివాడు, కానీ నోట్లోంచి మాట రాదు. గదిలో ఉన్నాడో లేడో దీపం వేసి చూసుకోవాలి. ఒక్క విషయం వస్తే మాత్రం లేచి నిలబడతాడు. అరవై తొమ్మిది ఫిబ్రవరిలో, మంచు పడిన శనివారం, మా మిల్‌షా టౌన్ జట్టు గ్రిమ్‌లీ జట్టు మీద మూడు–రెండుతో గెలిచిన ఆట. ఆ మూడో గోల్ ఉంది చూశారూ, బంతి బయటికి పోతూ పోతూ, గోల్ పక్కన పోగేసిన మంచు కుప్పకి తగిలి, వెనక్కి తిరిగి లోపలికి దొర్లిందట. ఆ కథ పెళ్ళిళ్ళలో చెప్పాడు. దినాల్లో చెప్పాడు. నా ఆపరేషనప్పుడు మత్తు డాక్టరుకి చెప్పాడు. నాకన్నా ముందు ఆ డాక్టరే నిద్రపోయి ఉంటాడు.

ఆ గోల్ మీ కార్యక్రమంలో చూపించారా? ఆ ఫిల్ము ముక్క ఎక్కడైనా దొరికితే పుట్టినరోజునాడు వీధిలో అందరినీ పిలిచి, ఆయనకి చెప్పకుండా వేసి చూపించాలని నా కోరిక. ఆ మనిషికి జీవితంలో జరిగిన గొప్ప సంగతి అదొక్కటే. నేను రెండోదాన్ని.

మీ పాత ప్రేక్షకురాలు,
మ్యూరియల్ హెబ్డెన్

తా.క.: మీ జుట్టు నిజమా, పెట్టుడా అని మా వీధిలో పాత తగాదా ఒకటి ఉంది. మొహమాటపడకుండా చెప్పండి. మా అత్తగారు పోయింది కాబట్టి బాధపడేవాళ్ళు ఎవరూ లేరు.


డెవన్,
మార్చి 9, 1998

శ్రీమతి మ్యూరియల్ హెబ్డెన్ గారికి,

మీ ఉత్తరం చదువుతూ టీ చల్లారబెట్టుకున్నాను. వయసు మీదపడ్డాక ఇలాంటి ఉత్తరాలే టానిక్కులు. మీ అత్తగారి శాలువా సంగతి చదివి కళ్ళు తుడుచుకున్నాను. నిజం చెప్పాలంటే కెమెరా వైపు చూస్తూ నేను కూడా ఎవరో ఒక పెద్దావిడని ఊహించుకునే మాట్లాడేవాణ్ణి.

ఆ రోజులే వేరు. ఒకసారి స్టూడియోలో పంకా గాలికి ఫలితాల కాగితం ఎగిరి లైట్ల మీద పడి కాలిపోయింది. నేను రెండో డివిజన్ జట్ల ఫలితాలు మొత్తం కంఠస్థంగా చెప్పేశాను. ఒక్క తప్పు లేదు. నా జ్ఞాపకశక్తిని వేలెత్తి చూపినవాళ్ళు ఈ వృత్తిలో లేరని సవినయంగా మనవి చేసుకుంటున్నాను.

అందుకే ఈ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు. ఆ ఆట జరగలేదమ్మా.

ఆ శీతాకాలం గుర్తుందిగా. మైదానాలన్నీ గడ్డకట్టి రాళ్ళయిపోయాయి. ఆటలు లేకపోతే, ఎవరు గెలుస్తారో రాసి దేశమంతా నింపి పంపిన పందెం చీటీలు ఏమైపోవాలి? అందుకని అలాంటి వారాల్లో పెద్దమనుషుల పంచాయితీ పెట్టేవారు. పాత ఆటగాళ్ళు కొందరు, ఒక పాత రెఫరీ కలిసి లండన్‌లో ఒక హోటల్ గదిలో తలుపులేసుకుని కూర్చునేవారు. ఈ ఆట జరిగి ఉంటే ఎవరు గెలిచేవారు అని వాదించుకుని, మధ్యలో బాతు వేపుడు తిని, తీర్పు చెప్పేవారు. ఆ తీర్పుల కాగితం నా చేతికొచ్చేది. జరగని ఆటల ఫలితాలని జరిగినట్టే, అదే గొంతుతో చదివేవాణ్ణి. మిల్‌షా, గ్రిమ్‌లీ ఆట అలాంటిదే. నాకు కళ్ళకి కట్టినట్టు గుర్తుంది. ఆ రోజు నేను ఆవాల రంగు టై కట్టుకున్నాను.

కాబట్టి మంచు కుప్పా లేదు, మూడో గోలూ లేదు. హోటల్ గదిలో పెద్దమనుషులు మాత్రం ఉన్నారు. మీవారు రేడియోలోనో టీవీలోనో ఫలితం విని, మిగతాది ఊహించుకుని ఉంటారు. మగవాళ్ళలో ఇది మామూలే. కంగారు పడకండి.

సదా మీ శ్రేయోభిలాషి,
డెంజిల్ ప్రయర్

తా.క.: జుట్టు నాదే. డబ్బిచ్చి కొన్నాను కాబట్టి పూర్తిగా నాదే.


మిల్‌షా,
మార్చి 13, 1998

డెంజిల్ గారికి,

మీ ఉత్తరం నిలబడి మొదలుపెట్టి, వంటింటి నేల మీద కూర్చుని పూర్తి చేశాను. పాలు పొంగిపోయాయి. నేను లేవలేదు.

ఊహించుకున్నాడంటారా? ఆ శనివారం ఆ మనిషి మధ్యాహ్నం భోంచేసి, బూట్లేసుకుని, "ఆటకెళ్తున్నా" అని చెప్పి వెళ్ళాడు. దీపాలు పెట్టాక తిరిగొచ్చాడు. మోకాళ్ళ దాకా బురద. ముఖం నిండా నవ్వు. మా పెళ్ళి ఫోటోలో కూడా అలా నవ్వలేదు. పైగా మెడలో ఎవరిదో ఎర్ర మఫ్లర్! "ఎవరిదయ్యా అది?" అంటే "పక్కన నిలబడ్డాయన చుట్టాడు, చలేస్తుందని" అన్నాడు. నేను నమ్మాను. పిచ్చిదాన్ని! జరగని ఆటలో పక్కన నిలబడేదెవరు?

నిన్న ఏమీ ఎరగనట్టు భోజనాల దగ్గర "హొరేసూ, ఆ మూడో గోల్ కథ ఇంకోసారి చెప్పవూ" అన్నాను. ఎంత పొంగిపోయాడో! బఠాణీలని ఆటగాళ్ళుగా పేర్చాడు. నలిపిన బంగాళాదుంపని మంచు కుప్ప చేశాడు. క్యారెట్ ముక్కతో బంతిని తన్నించాడు. ఇంత వివరంగా, ఇంత చల్లగా అబద్ధం చెప్పే మనిషితోనా నేను ఇన్నేళ్ళు కాపురం చేసింది? నాకు ముద్ద దిగలేదు. తను మాత్రం గ్రిమ్‌లీ జట్టు మొత్తాన్నీ తినేశాడు.

పక్కింటి స్టాన్లీని గోడ మీంచి పిలిచి అడిగాను.

"నేనూ వెళ్ళాగా మ్యూరియల్. హొరేస్ పక్కనే ఉన్నా," అన్నాడు.

"అయితే హొరేస్‌కి మఫ్లర్ ఎవరిచ్చారు?"

"మఫ్లరా? అదేం చూళ్ళేదే," అన్నాడు బుర్ర గోక్కుంటూ.

చూశారా? ఇద్దరూ ఒకటే. ఒకడి వెనకాల ఒకడు దాక్కోవడం చిన్నప్పట్నుంచీ వీళ్ళకి అలవాటు. సంగతి వాళ్ళావిడ బెరిల్‌కి చెప్పాను. ఇప్పుడు బెరిల్ కూడా స్టాన్లీతో మాట్లాడటం లేదు. హొరేస్ పడకని వెనక గదిలో కుట్టు మిషను పక్కకి మార్చాను. ఎందుకని కూడా అడగలేదు. తప్పు చెయ్యనివాడు అడగడూ?

అరవై తొమ్మిది ఫిబ్రవరి. అప్పటికి నాకు నలభై కూడా లేవండీ. ఎక్కడికెళ్ళాడంటారు?

ఇట్లు,
నోట మాట రాని మ్యూరియల్

తా.క.: ఆ మఫ్లర్ ఇంకా ఉంది. పిల్లి దాని మీదే పడుకుంటుంది. ఇవాళ కింద నుంచి లాగేశాను. పిల్లి కూడా నాతో మాట్లాడటం లేదు.


డెవన్,
మార్చి 18, 1998

శ్రీమతి హెబ్డెన్ గారికి,

మీ ఉత్తరం చూసి నిర్ఘాంతపోయాను. పుట్టినరోజుకి ఫిల్ము అడిగితే నేను మీ ఇంట్లో నిప్పు పెట్టానా? దయచేసి శాంతించండి. మగవాడు శనివారం చెప్పిన చోటికి కాక ఇంకెక్కడికో వెళ్ళాడంటే అది పరాయి ఆడదే కానక్కర్లేదు.

మా కెమెరామాన్ గిల్బర్ట్ సంగతే తీసుకోండి. ప్రతి శనివారం పనయ్యాక "ఇంకో ఆట తియ్యాలి" అని ఇంటికి ఫోన్ చేసి వెళ్ళిపోయేవాడు. అతన్ని అనుమానించినవాళ్ళు లేరు. మెతక మనిషి, గొంతు పెగలదు, అచ్చం మీవారి లాగే. చివరికి తేలిందేమిటంటే పొరుగూళ్ళో అతనికి ఇంకో సంసారం ఉంది. క్రిస్మస్‌కి రెండిళ్ళ నుంచీ స్వెట్టర్లు వచ్చేవి. ఒకదాని మీద ఒకటి వేసుకుని వచ్చేవాడు. చలికి తట్టుకోలేడు పాపం అనుకునేవాళ్ళం.

ఇది మీకు ధైర్యం చెప్పడానికి రాస్తున్నాను. ఎందుకంటే గిల్బర్ట్ రెండిళ్ళనీ చాలా బాగా చూసుకున్నాడు.

నా సలహా ఒక్కటే. గోడ మీంచి పొరుగువాళ్ళని అడగడం మానేసి, ఆయన్నే సూటిగా అడగండి. నా మొదటి ఉత్తరం చేతికివ్వండి. అందులో నా సంతకం ఉంది. దాన్ని చూస్తూ ఫుట్‌బాల్ గురించి అబద్ధం ఆడగలిగే మగవాడు ఈ దేశంలో పుట్టలేదని నా నమ్మకం.

మీ శాంతిని కోరే,
డెంజిల్ ప్రయర్

తా.క.: గిల్బర్ట్ భార్యలిద్దరి పేరూ ఒకటే. పిలుపులో పొరపాటు రాకుండా ఏరికోరి చేసుకున్నాడు. మీ ఊళ్ళో మ్యూరియల్‌లు చాలామంది ఉన్నారా? ఊరికే అడిగాను.


మిల్‌షా,
ఏప్రిల్ 6, 1998

డెంజిల్ గారికి,

కుర్చీలో కూర్చుని ఉన్నారా? లేకపోతే కూర్చుని చదవండి.

మీ సలహా ప్రకారమే చేశాను. నిన్న ఆదివారం భోజనానికి మా చెల్లెలు ఎనిడ్‌ని స్కార్‌బరో నుంచి రప్పించాను, సాక్ష్యానికి. వేపిన మాంసం కొయ్యకముందే మీ ఉత్తరం హొరేస్ పళ్ళెంలో పెట్టాను. చదివాడు. మళ్ళీ మొదట్నుంచి చదివాడు. ముఖం పిండి రాసినట్టు తెల్లబోయింది.

"ఇది డెంజిల్ ప్రయర్ గారే రాశారా?"

"ఆయనే. సంతకం కనబడటంలా?"

"ఆట జరగలేదన్నారా?"

"అన్నారు."

"ఆయనెప్పుడూ తప్పు చదవలేదు మ్యూరియల్," అన్నాడు. ఫోర్కు కింద పెట్టేసి, పెరట్లో పావురాల గూటిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు.

ఎనిడ్ ఊరుకునే మనిషా? "ఇంకా ఏం చూస్తావే? సర్దు," అని మేడెక్కి నా బట్టలన్నీ పెట్టెలో కుక్కింది. స్కార్‌బరో వెళ్ళిపోవాలని నేనూ నిర్ణయించుకున్నాను. నిజంగానే అనుకున్నానండీ. కోటు తొడుక్కుని, టోపీ పెట్టుకుని, పెట్టె గుమ్మం దగ్గర పెట్టి బస్సు కోసం చూస్తున్నాం. అప్పుడొచ్చాడు. నెత్తి మీద పావురం ఈకలు. పెట్టె వంక చూశాడు, నా టోపీ వంక చూశాడు. గట్టిగా ఊపిరి పీల్చాడు.

"నేనే తలారిని," అన్నాడు.

తలారి అంటే మీకు నేను చెప్పాలా! నాలుగింటి కుస్తీలో ఉరితీసేవాడిలా నల్ల ముసుగు తొడుక్కుని, కళ్ళ దగ్గర రెండు కన్నాలు పెట్టుకుని, రెఫరీ అటు తిరగ్గానే ఎదుటివాడి కళ్ళలో వేళ్ళు పొడిచే ఆ దుర్మార్గుడు! ఒక్కసారి కూడా ముసుగు తియ్యని వాడు! వాణ్ణి చూస్తే మా వీధి ఆడవాళ్ళందరికీ ఒళ్ళు మండేది, అందరికన్నా నాకు ఎక్కువ. మిల్‌షా ఈతకొలను మీద పలకలు పరిచి పెట్టిన కుస్తీకి వాడొస్తే, నేను ముందు వరసలోంచి లేచి గొడుగుతో వాడి భుజం మీద బాదాను. మీ కార్యక్రమంలో దేశమంతా చూసింది.

"శనివారాలు ఫుట్‌బాల్ అని చెప్పి రింగులోకి వెళ్ళేవాణ్ణి," అన్నాడు హొరేస్. "ముసుగు సంగతి పెళ్ళానికి కూడా చెప్పనని ఒట్టేశా. ఆ మంచు రోజు నేను లివర్‌పూల్‌లో ఉన్నా. కావాలంటే డెంజిల్ గారినే అడుగు, ప్రత్యక్షంగా చూపించారు."

ఎనిడ్ పెట్టె మీద కూలబడింది. "ఈ భుజాలతోనా హొరేస్?"

"ముసుగేస్తే భుజాలు పెద్దగా కనబడతాయి ఎనిడ్."

సాయంత్రానికల్లా వీధంతా పాకింది, ఎనిడ్ ఉండగా ఎందుకు పాకదు? స్టాన్లీ వచ్చి "నాకెప్పట్నుంచో అనుమానమే" అన్నాడు. ఒక పట్టు చూపించమన్నాడు. హొరేస్ వాడి చెయ్యి మెలిపెట్టాడు. ఎలా వదలాలో ఇద్దరికీ తెలియలేదు. బెరిల్ వచ్చి సబ్బునీళ్ళు పోసి విడదీసింది. ఇవాళ మాంసం కొట్టు వాడు "ఏం తలారీ!" అని రెండు సాసేజీలు ఎక్కువ వేశాడట. హొరేస్ ఇంటికి ఈల వేసుకుంటూ వచ్చాడు. పెట్టె మళ్ళీ మేడెక్కింది.

పుట్టినరోజుకి మీరు తప్పకుండా రావాలి. అందరి ముందూ మీ గొంతుతో ఆయన్ని "తలారి!" అని పిలవాలి. ఆయన ఫోటో ఒకటి జత చేస్తున్నాను, ముసుగు లేకుండా.

ఇట్లు,
తలారి భార్య మ్యూరియల్

తా.క.: అంటే నేను దేశమంతా చూస్తుండగా గొడుగుతో కొట్టింది నా మొగుణ్ణే. ముందే తెలిసుంటే ఇంకా గట్టిగా కొట్టేదాన్ని.


డెవన్,
ఏప్రిల్ 15, 1998

శ్రీమతి హెబ్డెన్ గారికి,

తొందరలో రాస్తున్నాను. అక్షరాలు వంకరపోతే మన్నించండి.

మీ ఉత్తరం అందగానే పొంగిపోయాను. ఆ గొడుగావిడ మీరా! ఆ వారం మాకు వచ్చినన్ని ఉత్తరాలు ఎప్పుడూ రాలేదు. పుట్టినరోజుకి బహుమతిగా తలారి కుస్తీ ఫిల్ము ఇద్దామని, పాత ఫిల్ములు భద్రపరిచే మిత్రుణ్ణి అడిగాను. మీవారు చెప్పిన శనివారం రీలే పంపమన్నాను. నిన్న వచ్చింది. గోడకి దుప్పటి కట్టి వేసుకుని చూశాను.

మొదట లివర్‌పూల్ కుస్తీ. తలారి ఉన్నాడు, కళ్ళు పొడుస్తున్నాడు. బాగుంది అనుకున్నాను. దాని వెనకాలే మిల్‌షా మైదానం వచ్చింది! మీ ఊరివాళ్ళు పొద్దున్నే పారలు పట్టుకొచ్చి మంచునంతా ఎత్తిపోశారట. దేశంలో ఆ రోజు జరిగిన కొద్ది ఆటల్లో అదొకటి. మంచు కుప్ప ఉంది. బంతి దానికి తగిలి వెనక్కి తిరిగి లోపలికి దొర్లింది. కెమెరా జనం వైపు తిరిగింది. అక్కడ మీరు పంపిన ఫోటోలోని మనిషే! చేతిలో సగం తిన్న మాంసం పఫ్, తెరిచిన నోరు, కళ్ళ వెంట నీళ్ళు. సంబరంలో తన మఫ్లర్ గాల్లోకి విసిరేశాడు. అటు పక్కనున్న ముసలాయన తన మఫ్లర్ తీసి ఆయన మెడకి చుడుతున్నాడు. ఆ కుస్తీ, ఈ ఆట రెండూ ఒకే గంటలో జరిగాయి. లివర్‌పూల్‌లో కళ్ళు పొడిచేవాడు మిల్‌షాలో పఫ్ ఎలా తింటాడు?

అసలు నాకే తట్టాల్సింది. పంచాయితీ పెద్దలు ఫలానా జట్టు గెలుపు అని మాత్రమే తేల్చేవారు, గోల్స్ జోలికి పోయేవారు కారు. మిల్‌షా ఫలితాన్ని నేను మూడు, రెండు అని చదివాను. అంటే ఆట జరిగింది! ఇంత చిన్న సంగతి మర్చిపోయి ఒక నిజాయితీపరుణ్ణి ఇంట్లోంచి పావురాల గూటిలోకి తరిమాను. ఛీ, నా జ్ఞాపకశక్తిని తగలెయ్య!

జరిగిన తప్పు దిద్దుతాను. వృత్తిలో ఏనాడూ సవరణ చదవాల్సిన అవసరం రాలేదు. ఇదే మొదటిది. మే రెండు సంచికలో నా శీర్షిక అంతా దీనికే ఇస్తున్నాను. ఫిల్ములోంచి ఆయన బొమ్మ తీసి, పేరుతో సహా వేయిస్తున్నాను. శ్రీ హొరేస్ హెబ్డెన్ ఆ ఆటకి వెళ్ళారు, వారు తలారి కారు, కాజాలరు అని స్పష్టంగా రాశాను. ఆయన ఈ అబద్ధం ఎందుకు ఆడారో నాకు తెలియదు. నిజం మాత్రం వీధి మొత్తానికీ తెలియాలి.

సిగ్గుతో తలవంచుకున్న,
డెంజిల్ ప్రయర్

తా.క.: ఆవాల రంగు టై మాత్రం నిజం. ఫిల్ము నలుపు తెలుపు కాబట్టి రుజువు చూపలేను.


మిల్‌షా,
ఏప్రిల్ 17, 1998

డెంజిల్ గారికి,

అచ్చుకి పంపారా? పంపి ఉంటే ఈ ఉత్తరం కింద పెట్టేసి, ముందు ఫోన్ చేసి ఆపించండి. ఆపించాక మిగతాది చదవండి.

ఇది బట్టలుతికే దుకాణంలో కూర్చుని రాస్తున్నాను. పోయిన ఉత్తరం హొరేస్ నా భుజం మీంచి చూస్తుండగా రాశాను. అందుకే అందులో అంతా నమ్మినదానిలా రాయాల్సి వచ్చింది. ఆయన "నేనే తలారిని" అన్న క్షణంలోనే అది అబద్ధమని నాకు తెలుసండీ.

ఎలాగంటారా? పెళ్ళికి ముందు నేను టోపీల కొట్లో పనిచేశాను. తల చూస్తే కొలత చెప్పేస్తాను. తలారిది పెద్ద క్యాబేజీ అంత తల. మా ఆయనకి చిన్నపిల్లల టోపీ కూడా జారుతుంది. తలారి తల నాకెలా తెలుసంటే, ఆ ముసుగు కుట్టింది నేనే. ఒకటి కాదు, చిరిగినప్పుడల్లా కుట్టాను. ఆయన అసలు పేరు ఆర్నాల్డ్. మా ఊళ్ళోనే పూల కొట్టు. చూస్తే అంత సాధువు ఉండడు. దండలకి రిబ్బన్లు కుట్టించుకునే వంకతో వచ్చేవాడు. మా మధ్య సూదీ దారం తప్ప ఏమీ లేవు, మీరు గిల్బర్ట్‌ని తలుచుకోకండి. ముసుగు సంగతి ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకున్నాడు. వేశాను కాబట్టి మా ఆయనకి కూడా చెప్పలేదు. టీవీ ముందు అందరికన్నా గట్టిగా తిట్టింది కూడా అందుకే. తిట్టకపోతే బెరిల్‌కి అనుమానం వచ్చేది.

ఇంకా చెప్పమంటారా? ఆ గొడుగు దెబ్బ కూడా ముందు అనుకున్నదే. ఎడమ భుజం మీద, మెల్లగా, చప్పుడు మాత్రం గట్టిగా రావాలన్నాడు. మా వంటింట్లో దిండు మీద సాధన చేశాను. మీకు అన్ని ఉత్తరాలు రాశారే జనం, పాపం, వాళ్ళకి నా తరఫున క్షమాపణ చెప్పుకోండి.

హొరేస్ అబద్ధం ఆడాడని తెలిశాక నా అనుమానం రెట్టింపు కావాలిగా అంటారేమో. గుమ్మంలో ఆయన్ని చూసిన మరుక్షణం అది పోయింది. నెత్తి మీద ఈకలతో నిలబడి, అంత చేతగాని అబద్ధం ఆడిన మనిషి ఇన్నేళ్ళు ఇంకో ఇల్లు నడపగలడా? వారం కూడా నడపలేడు. నిజం చెబితే నేను నమ్మలేదు. మీరే కాదన్నారు, ఇంకెవరితో చెప్పుకుంటాడు? పెట్టె గుమ్మంలో ఉంది. నేను వెళ్ళిపోతే తట్టుకోలేక చేతికందిన పేరు చెప్పాడు. మర్నాడు అంట్లు తుడుస్తూ నాతో ఏమన్నాడో తెలుసా? "వాణ్ణి నువ్వు రెప్ప వెయ్యకుండా చూసేదానివి మ్యూరియల్. అది నేనేనని చెప్పాలని ఎన్నిసార్లు అనిపించిందో." చేతిలో పళ్ళెం జారిపోయింది. ఆట లేని శనివారాల్లో పక్కనున్న మనిషిని వదిలేసి టీవీలో ముసుగుని చూస్తూ కూర్చున్నాను. ఆ ముసుగు కుట్టు సరిగ్గా నిలిచిందా లేదా అని చూసేదాన్ని, అంతే. అది ఆయనకెలా తెలుస్తుంది? చాలా ఏడ్చానండీ. ఉల్లిపాయలని చెప్పాను.

ఇప్పుడు ఆ మనిషి వీధిలో తలెత్తి నడుస్తున్నాడు. అందరూ పలకరిస్తున్నారు. స్టాన్లీకి నిజం తెలుసు, ఆ ఆటకి పక్కనే నిలబడి చూసినవాడు. అయినా నోరెత్తలేదు. పైగా చెయ్యి మెలిపెట్టించుకున్నాడు. వాడికి బెరిల్‌తో నేనే రాజీ చేశాను. ఈ సమయంలో మీరు మే రెండున, ఆయన కేకు కోసే రోజున, హొరేస్ హెబ్డెన్ అబద్ధాలకోరు అని దేశమంతటికీ చాటుతారా? మీ చేతులెలా వస్తాయి?

నేను ఆర్నాల్డ్‌తో మాట్లాడేశాను. ఇప్పుడు రెండు కర్రల మీద నడుస్తున్నాడు. పుట్టినరోజుకి పూలు పట్టుకొచ్చి, హొరేస్‌ని చూసి వెనక్కి తగ్గి, "నన్ను ఈతకొలనులో ఎత్తి కుదేసిన తలారి ఇతనే!" అని అరుస్తాడు. హొరేస్ ఒక వేలు ఆనిస్తే సోఫా మీద పడిపోతాడు. పడిపోవడం ఆయనకి తెలిసిన పనే. మీరు వచ్చి ఆ కుస్తీ ఫలితం చదవాలి. మామూలుగా, పేరు పలికే తీరులోనే ఎవరు గెలిచారో తెలిసేలా. ఆ మూడో గోల్ ఫిల్ము కూడా తప్పకుండా తెండి. అయితే జనం వైపు కెమెరా తిరిగే ముందు ఆపేయండి. ఆ ముక్క తర్వాత నాకివ్వండి. నేనొక్కదాన్నే చూసుకుంటాను.

జవాబు ఇంటికి రాయకండి, ఈ మధ్య పోస్టు అందుకునేది ఆయనే; ఇవాళ్టిది అదృష్టం కొద్దీ నా చేతికి చిక్కింది. స్కార్‌బరోలో ఎనిడ్‌కి రాయండి. కానీ దానికి ఏమీ చెప్పకండి.

మీ రాక కోసం ఎదురుచూసే,
మ్యూరియల్

తా.క.: ఆ గొడుగు దెబ్బ ఇప్పటికీ సలుపుతోందని పొద్దున్న హొరేస్ నాకు కుడి భుజం చూపించాడు. నేను కొట్టింది ఎడమ భుజం మీద. కుడి భుజానికే నూనె రాసి, బాగా మర్దనా చేసి, కావాలని కొట్టలేదయ్యా అన్నాను.